“అడిగితే ఫ్రెండ్స్ అని చెప్పండి” అన్న పైలట్‌తో విమానం ఎక్కొచ్చా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటాం. నాన్నగారు విజయవాడ డివిజన్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. అమ్మా నాన్నా ఈ నవంబర్ మొదట్లో వచ్చారు, క్రిస్మస్ దాకా ఉంటారు. ఒక్కసారైనా చిన్న విమానంలో, పైలట్ పక్కన కూర్చుని తిరగాలని నాన్నగారి కోరిక. ఆఫీసులో ఒకతని ద్వారా ఒక పైలట్ పరిచయమయ్యాడు. నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ విమానం. శనివారం మధ్యాహ్నం ఐల్ ఆఫ్ వైట్ దీవికి తీసుకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు చీకట్లో ఊళ్ల లైట్లు చూపిస్తానన్నాడు. మనిషికి 180 పౌండ్లు. మేం ముగ్గురం. 50 పౌండ్లు అడ్వాన్స్ పంపాను. “లైసెన్స్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, టెన్షన్ పడకండి. ఎయిర్‌ఫీల్డ్‌లో ఎవరైనా అడిగితే మాత్రం ఫ్రెండ్స్ అని చెప్పండి, డబ్బు సంగతి ఎత్తకండి” అన్నాడు. ఆ మాట దగ్గర నాకు మనసులో ఏదో తేడా కొట్టింది. వెళ్లొచ్చా? జరగరానిది జరిగితే అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్స్, ఇండియాలో తీసుకున్న నా టర్మ్ పాలసీ పనికొస్తాయా?

జవాబు: వెళ్లొద్దండి. మీరూ ఎక్కొద్దు, పెద్దవాళ్లని అసలే ఎక్కించొద్దు. మీకు ఎక్కడ తేడా కొట్టిందో సరిగ్గా అక్కడే ఉంది విషయమంతా. ఫ్రెండ్స్ అని చెప్పమన్నాడంటే, ఏది తప్పో అతనికి ముందే తెలుసు.

ఇన్సూరెన్స్ క్లెయిముల పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నాను. ఈ మాట వినగానే నాకు గుర్తొచ్చేది విమానం కాదు, ఒక తెల్ల ప్లేటు కారు. ఒక కుటుంబం పక్క వీధి ఆయన సొంత కారు మాట్లాడుకుని అన్నవరం బయల్దేరింది. ట్యాక్సీ కంటే వెయ్యి రూపాయలు తక్కువ. దారిలో లారీని గుద్దుకున్నారు. ఎవరైనా అడిగితే చుట్టాలమని చెప్పమని ఓనర్ ముందే నేర్పాడు. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ ఆసుపత్రికి వచ్చి, చేతికి కట్టుతో ఉన్న పెద్దాయన్ని మెల్లగా ఒకే ప్రశ్న అడిగాడు: “కారు ఓనర్ మీకు చుట్టమన్నారు కదా, వాళ్ల ఇంటిపేరేంటండీ?” ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు గోడ వైపు చూసింది. కారు డ్యామేజీ క్లెయిమ్ అక్కడే పోయింది. గాయాల పరిహారం కోసం ట్రిబ్యునల్ చుట్టూ ఏళ్లు తిరిగారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నేర్పిన మాట చెప్పారు, అంతే. మీ శనివారం ప్రయాణంలో ఆ పెద్దాయన స్థానంలో మీ నాన్నగారు ఉంటారు.

ఇప్పుడు మీ పైలట్ చెప్పిన రెండు మాటలు చూద్దాం. లైసెన్స్ ఉంది అన్నాడు. ఉండొచ్చు. కానీ ఏ లైసెన్స్? ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉన్నవాళ్లు తమ సరదాకి నడుపుకోవచ్చు, ఇంటివాళ్లనీ స్నేహితులనీ ఎక్కించుకోవచ్చు. డబ్బు తీసుకుని జనాన్ని తిప్పాలంటే కమర్షియల్ లైసెన్స్ కావాలి. అది కూడా చాలదు. విమానం నడిపే సంస్థకి బ్రిటన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ, అంటే సీఏఏ, ఇచ్చిన ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ వెనక పైలట్లకి తరచూ పరీక్షలు, డ్యూటీ గంటల మీద హద్దులు, విమానం మరమ్మతు మీద తనిఖీలు ఉంటాయి. మనం టికెట్‌కి ఎక్కువ పెడుతున్నది వీటికే.

ఒక మినహాయింపు ఉంది, ఇలాంటివాళ్లు దాన్నే అడ్డం పెట్టుకుంటారు. బ్రిటన్‌లో ప్రైవేట్ పైలట్ ఖర్చు పంచుకోవచ్చు. పైలట్‌తో కలిపి ఆరుగురికి మించకూడదు. ఆ ప్రయాణానికి నేరుగా అయిన ఖర్చే పంచాలి: ఇంధనం, ల్యాండింగ్ ఫీజు, విమానం అద్దె. ఏడాది ఇన్సూరెన్సు, మెయింటెనెన్సు లాంటివి అందులో కలపకూడదు. పైలట్ తన వాటా తను పెట్టుకోవాలి, ఒక్క పౌండు కూడా మిగుల్చుకోకూడదు. మీ లెక్క వేసి చూడండి. మీరు చెప్పిన లాంటి నాలుగు సీట్ల విమానం అద్దె గంటకి 200 పౌండ్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెడింగ్ వైపు నుంచి ఐల్ ఆఫ్ వైట్ వెళ్లి రావడానికి గంటన్నర అనుకుందాం. ల్యాండింగ్ ఫీజులు కలిపినా 370 దాటడం కష్టం. నలుగురికి పంచితే మనిషికి 95 లోపే. అతను మీ ముగ్గురి దగ్గర తీసుకుంటున్నది 540. తన వాటా ఒక్క పైసా లేదు, పైగా 170 మిగులు. ఇది ఖర్చు పంచుకోవడం కాదు, బేరం. అందుకే డబ్బు సంగతి ఎత్తొద్దన్నాడు.

“ఇవన్నీ కాగితాల గొడవలే కదా, మనిషి బాగా నడిపితే చాలదా” అని మీకు అనిపించొచ్చు. అందుకే ఎమిలియానో సాలా సంగతి చెప్పాలి.

సాలా అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు, 28 ఏళ్లు. 2019 జనవరిలో ఫ్రాన్స్‌లోని నాంట్ క్లబ్ నుంచి వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ అతన్ని కోటిన్నర పౌండ్లకి తీసుకుంది. పాత టీమ్ వాళ్లకి వీడ్కోలు చెప్పి రావడానికి నాంట్ వెళ్లాడు. జనవరి 21 రాత్రి తిరుగు ప్రయాణానికి ఒక పైపర్ మాలిబు మాట్లాడారు. అదీ సింగిల్ ఇంజనే, 1984లో తయారైంది. ఎక్కాక సాలా స్నేహితులకి వాయిస్ మెసేజ్ పెట్టాడు: ఈ విమానం ముక్కలైపోయేలా ఉంది అని. రాత్రి ఎనిమిదింపావు ప్రాంతంలో గెర్న్సీ దీవి దగ్గర రాడార్ నుంచి మాయమైంది. ఫిబ్రవరి 3న ఇంగ్లిష్ ఛానల్ అడుగున, 68 మీటర్ల లోతులో దొరికింది. సాలా శరీరం దొరికింది. పైలట్ ఇప్పటికీ దొరకలేదు.

బ్రిటన్ ప్రమాద దర్యాప్తు విభాగం 2020 మార్చిలో రిపోర్టు ఇచ్చింది. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు పక్కన పెట్టేశాను. పైలట్‌కి ప్రైవేట్ లైసెన్సే ఉంది, డబ్బుకి మనుషుల్ని తీసుకెళ్లే అర్హత లేదు. సింగిల్ ఇంజన్ విమానాలు నడిపే రేటింగ్, అంటే లైసెన్సుకి తోడుగా ఉండాల్సిన అనుమతి, అంతకు ముందు నవంబర్‌లోనే గడువు అయిపోయింది. రాత్రి నడపడానికి కావలసిన నైట్ రేటింగ్ అసలు లేనేలేదు. మబ్బులు తప్పించుకోవడానికి చీకట్లో చేత్తో తిప్పుతూ అదుపు కోల్పోయాడు. విమానం తట్టుకోగల వేగం దాటిపోయి గాలిలోనే విరిగింది.

ఆ ప్రయాణం ఏర్పాటు చేసిన మనిషి మీద కేసు నడిచింది. అతను భార్యతో పారిస్‌లో ఉండి, తన బదులు ఈ పైలట్‌ని పంపాడు. అంతకు కొన్ని నెలల ముందే ఆ విమానం చూసుకునే ఆవిడ ఈ పైలట్‌తో ఇక నడిపించొద్దని చెప్పింది. అయినా నడిపించాడు. కూలిపోయిన సంగతి తెలియగానే అతను పరిచయస్తులకి పంపిన మెసేజ్‌లు కోర్టులో చదివారు. వాటి సారాంశం ఒక్కటే: ఎవరితోనూ ఏమీ చెప్పొద్దు. మీ పైలట్ మాట, ఆ మాట పక్కపక్కన పెట్టి చూడండి. 2021 నవంబర్‌లో అతనికి 18 నెలల జైలు పడింది.

మీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటుంది, ఎందుకంటే మీరు వెళ్లేది చలికాలంలో. సాలా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ స్థాయి 58 శాతం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 50 దాటితేనే ప్రాణం మీదికి రావచ్చంటారు. పైలట్ కూడా ఎంతో కొంత పీల్చే ఉంటాడని దర్యాప్తు తేల్చింది. అదెలా వస్తుందంటే, ఇలాంటి చిన్న విమానాల్లో చాలావాటికి క్యాబిన్ హీటర్ వేరుగా ఉండదు. ఇంజన్ పొగగొట్టం ఎర్రగా కాగి ఉంటుంది కదా, దాని చుట్టూ రేకు తొడుగు వేసి, ఆ సందులోంచి గాలిని పోనిచ్చి, వేడెక్కిన గాలిని లోపలికి వదులుతారు. పొగగొట్టంలో వెంట్రుకంత పగులు వచ్చినా పొగ ఆ గాలిలో కలిసి క్యాబిన్లోకి వచ్చేస్తుంది. ఈ వాయువుకి వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి, తర్వాత మగత. అమ్మ నిద్రపోయిందని మీరు అనుకుంటారు. జూన్‌లో హీటర్ వేయరు. నవంబర్ సాయంత్రం, అందులోనూ విజయవాడ నుంచి వచ్చిన పెద్దవాళ్లు పక్కనుంటే, ఎక్కగానే వేస్తారు. ఆ పగులు పట్టేది మెకానిక్ తనిఖీలోనే. తనిఖీకి డబ్బు ఖర్చవుతుంది. సాలా విమానంలో హెచ్చరిక మోగించే డిటెక్టర్ లేదు. పైలట్లు కాని ప్రయాణికుల్ని ఎక్కించుకునే పిస్టన్ ఇంజన్ విమానాల్లో మోగే డిటెక్టర్ ఉండాలని 2025 జనవరి 1 నుంచి సీఏఏ రూలు పెట్టింది. మీ పైలట్‌ని దాని ఫొటో ఒకటి పంపమంటే ఏమంటాడో నాకు తెలుసుకోవాలని ఉంది.

చీకట్లో లైట్లు చూపిస్తానన్నాడు కదా. నైట్ రేటింగ్ ఉందా అని అడిగారా? మీ కొలీగ్ అడిగాడా? నవంబర్‌లో నాలుగు దాటితే పొద్దు గుంకుతుంది. మీ మధ్యాహ్నం ట్రిప్పులో తిరుగు ప్రయాణం మొత్తం రాత్రి కిందికే వస్తుంది, మొదట్లో కింద సముద్రం కూడా.

ఇక మీరు అడిగిన ఇన్సూరెన్స్ సంగతి. విమానానికి ఇన్సూరెన్స్ ఉందన్నది నిజమే కావచ్చు, అది తప్పనిసరి కూడా. బ్రిటన్‌లో ప్రయాణికుడికి కనీసం ఇంత అని కవర్ ఉండాలి. ఆ మొత్తాన్ని స్పెషల్ డ్రాయింగ్ రైట్స్ అనే అంతర్జాతీయ లెక్కలో చెప్తారు, ఒక్కోటీ దాదాపు ఒక పౌండు అనుకోండి. మామూలుగా రెండున్నర లక్షలు. 2,700 కిలోల లోపు విమానం సొంత అవసరానికి నడిపితే మాత్రం లక్షకే తగ్గించారు. అంటే అంతా సవ్యంగా ఉన్నా, ప్రైవేట్ విమానం ఎక్కినప్పుడు మీ వెనక ఉన్న డబ్బు తక్కువే ఉండొచ్చు. ఇప్పుడు దానికి మీ 540 పౌండ్లు కలపండి. పాలసీ సొంత వాడకం అని రాసి తీసుకున్నారు, నడిపింది కిరాయికి. పైలట్ లైసెన్సు, రేటింగు చెల్లుబాటులో ఉండాలన్నది దాదాపు ప్రతి పాలసీలో ఉండే షరతు. ఈ రెండిట్లో ఏది తప్పినా కంపెనీ చేతులెత్తేయడానికి దారి దొరుకుతుంది. తర్వాత మీరు పైలట్ మీద కోర్టుకి వెళ్లాలి. ప్రమాదం జరిగితే ఆ పైలట్ ఉంటాడో లేదో. ఉన్నా అతని దగ్గర ఏముంటుంది?

అమ్మానాన్నల ట్రావెల్ పాలసీ తీసి, మినహాయింపులు అన్న పేజీ చూడండి. చాలా పాలసీల్లో ఒక వాక్యం ఉంటుంది: లైసెన్సున్న ప్రయాణికుల విమానంలో టికెట్ కొనుక్కున్న ప్రయాణికుడిగా తప్ప, మరే రకంగా విమానం ఎక్కినా కవర్ లేదు అని. ఈ వాక్యం ముందు మీ పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. పైలట్ చెప్పమన్నట్టు ఫ్రెండ్స్ అంటే, మీరు టికెట్ కొన్న ప్రయాణికులు కాదు. డబ్బిచ్చామని నిజం చెప్తే, అది ప్రయాణికుల్ని కిరాయికి ఎక్కించే లైసెన్సున్న విమానం కాదు. ఎటు చెప్పినా జవాబు ఒకటే. ప్రాణం పోతేనే కాదండీ. ల్యాండింగ్‌లో విమానం కాస్త గట్టిగా కుదిపి అమ్మగారి నడుము ఎముక చిట్లినా, ఆసుపత్రి బిల్లు విషయంలో ఇదే వాక్యం అడ్డొస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇక్కడ పెద్దాసుపత్రిలో చేరితే ఎంతవుతుందో మీకు తెలుసు.

మీ టర్మ్ పాలసీ సంగతి కాస్త వేరు. మామూలు టర్మ్ పాలసీలో అసలు మొత్తం సాధారణంగా వస్తుంది, చావు ఎలా వచ్చిందన్నదాని మీద పేచీలు తక్కువ. పోయేది దాని మీద తీసుకున్న యాక్సిడెంట్ రైడర్, అంటే ప్రమాదానికి అదనంగా తీసుకున్న కవర్. మన దేశంలోని రైడర్లలో తరచూ కనిపించే షరతు ఏమిటంటే, ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి చట్ట ప్రకారం అనుమతి ఉన్న విమానం అయి ఉండాలని. డబ్బిచ్చారా ఊరికే ఎక్కారా అన్నది కొన్నిట్లో పట్టించుకోరు, అనుమతి మాత్రం పట్టించుకుంటారు. మీ బాండ్ పేపర్‌లో మాటలు మీరే చదవండి, ఏజెంట్ ఫోన్లో ఫరవాలేదంటే సరిపోదు. ప్రపోజల్ ఫారంలో విమానాల గురించి అడిగిన ప్రశ్నకి మీరేం టిక్ పెట్టారో కూడా చూసుకోండి.

నిజంగా స్నేహితుడైన పైలట్ ఉంటే ఎక్కకూడదా అంటే, ఎక్కొచ్చు. బాగా చూసుకునే క్లబ్ విమానాల్లో, జాగ్రత్తపరులైన పైలట్లతో ఎంతోమంది హాయిగా తిరిగొస్తున్నారు. అలాంటివాళ్లని లైసెన్స్ చూపించమంటే ముఖం మాడ్చుకోరు, సంతోషంగా చూపిస్తారు. రేటింగ్ తేదీ, మెడికల్ సర్టిఫికెట్ తేదీ చూడండి. మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి, లాగ్‌బుక్‌లో కనిపిస్తాయి. మీ బరువెంత, సంచి బరువెంత అని ఆయనే ముందు అడగాలి. నాలుగు సీట్ల విమానాల్లో చాలావాటికి నలుగురు పెద్దమనుషులూ, నిండా ఇంధనమూ ఒకేసారి మోసే శక్తి ఉండదు. మీ ఉత్తరంలో డబ్బు లెక్కే ఉంది, ఎవరి బరువూ అతను అడిగినట్టు లేదు.

చిన్న విమానం అనగానే మనవాళ్లకి 2004 ఏప్రిల్ 17 గుర్తొస్తుంది. నటి సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్ బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా, లేచిన కాసేపటికే కూలింది. నలుగురూ పోయారు. ఆ విమానం కాగితాల గురించి నేను మాట్లాడటం లేదు. ఒక్క ఇంజన్ విమానంలో ఏదైనా తేడా వస్తే పైలట్‌కి దొరికే సమయం ఎంత తక్కువో చెప్పడానికే గుర్తు చేశాను. అందుకే ఎక్కక ముందు జరిగే తనిఖీలకి అంత విలువ. ఇండియాలో ఉన్న పాఠకులకి కూడా ఒక మాట. పెళ్లికి పూలు చల్లించడానికో, ప్రచారానికో హెలికాప్టర్ మాట్లాడుకునేటప్పుడు నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్, అంటే కిరాయికి తిప్పడానికి ఇచ్చే అనుమతి, దాని కాపీ అడగండి. అందులో ఆ హెలికాప్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో సరిచూడండి. ప్రైవేట్ కేటగిరీ విమానాన్ని కిరాయికి తిప్పకూడదన్నది అక్కడా రూలే.

ఇప్పుడు నాన్నగారి కోరిక. దాన్ని వదిలేయమని నేను అనను. స్కాట్లండ్‌లో బారా అనే దీవి ఉంది. గ్లాస్గో నుంచి మామూలు టికెట్ మీద, చిన్న ట్విన్ ఆటర్ విమానం వెళ్తుంది. అది దిగేది సముద్రపు ఇసుక మీద. ఆటు వచ్చినప్పుడు ఇసుక బయటపడుతుంది, పోటు వస్తే రన్‌వే నీళ్లలో మునిగిపోతుంది. అందుకే ఫ్లైట్ టైములు సముద్రాన్ని బట్టి మారుతుంటాయి. జీవితమంతా టైమ్ టేబుల్‌తో బతికిన రైల్వే మనిషికి ఇంతకంటే ముచ్చటైన ప్రయాణం నాకు తోచడం లేదు. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు, మీ పాలసీలో అడిగే లైసెన్సు, టికెట్ రెండూ ఉన్నాయి. అంత దూరం ఇప్పుడు కుదరదంటే ఐల్ ఆఫ్ వైట్‌కే వెళ్లండి, కానీ పోర్ట్స్‌మత్ పక్కన సౌత్‌సీ నుంచి హోవర్‌క్రాఫ్ట్‌లో. గాలి మెత్త మీద నీళ్లపై తేలుతూ పది నిమిషాల్లో ఆ దీవిలోని రైడ్ అనే ఊళ్లో దింపుతుంది. ఆకాశమే కావాలంటే ఆపరేటర్ సర్టిఫికెట్ ఉన్న సంస్థల్లో సైట్ సీయింగ్ ఫ్లైట్లు ఉంటాయి. పేరు తీసుకుని సీఏఏ వెబ్‌సైట్‌లో ఉన్న జాబితాతో సరిచూసుకోండి, రెండు నిమిషాల పని.

నాన్నగారికి ట్రిప్పు ఎందుకు మానేశారో దాచకండి. ఏదో వాతావరణం బాగాలేదని చెప్పి నెట్టుకురావద్దు. ఆయన గార్డుగా చేశారు కదా, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని తనిఖీ చేసి ఇచ్చే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతికి రాకుండా బండి కదలనిచ్చి ఉండరు. ఈ విమానానికి ఆ కాగితం లేదు నాన్నా అని చెప్పండి. అంతకంటే వివరించాల్సిన పని ఉండదని నా నమ్మకం.

పైలట్‌కి మాత్రం శనివారం పొద్దున దాకా ఆగకుండా ఈ రాత్రే మెసేజ్ పెట్టండి. మేం రావడం లేదు, అడ్వాన్స్ తిరిగి పంపండి అని రెండు ముక్కలు చాలు. తేదీ మార్చుకుందాం, ఇంకో రెండు పేపర్లు చూపిస్తాను అని బేరం మొదలుపెడితే జవాబివ్వకండి. 50 పౌండ్లు వెనక్కి రాకపోతే పోనివ్వండి. అతను పంపిన మెసేజ్‌లు డిలీట్ చేయకుండా దాచి, డబ్బుకి ప్రయాణికుల్ని తిప్పుతున్నాడని సీఏఏకి తెలియజేయండి. మీ ఆఫీసు కొలీగ్‌కి కూడా ఈ లెక్కంతా చూపించండి. అతను ఈ పైలట్ నంబర్ మీ ఒక్కరికే ఇచ్చి ఉండడు.